చెంచా చప్పుడు

మేస్త్రి తప్పిపోయిన రోజు వాన లేదు, గాలి లేదు. నింద వెయ్యడానికి అతనికి తన చెయ్యి తప్ప ఇంకేమీ దొరకలేదు.

మేస్త్రి అంటే పిల్లి. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నా ఎదురుగా కూర్చుని అజమాయిషీ చేసేదని ఆ పేరు. దాని వెనకాలే తిరిగే లావుపాటి కుక్క పేరు గుమాస్తా. ఆ పేర్లు పెట్టిన ఇంటావిడ పోయి కొన్ని నెలలైంది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆవిడ కూతురు ఇల్లు ఖాళీ చేసి, సామానంతా అద్దె ట్రక్కులో వేసుకుని, ఒక పగటి ప్రయాణమంత దూరంలో ఉన్న పిన్ని ఊరికి బయల్దేరింది. ట్రక్కు డ్రైవరు అతను.

ఎక్కేటప్పుడే గొడవ.

"మేడమ్, జంతువులు వెనక, సామానుతో."

"అయితే నేనూ వెనకే. బీరువా పక్కన నించుంటా."

"పోలీసులు పట్టుకుంటారు."

"నన్నా, మిమ్మల్నా?"

"నన్నే."

"అయితే నాకేం ఇబ్బంది లేదు."

చివరికి అందరూ క్యాబిన్‌లోనే. గుమాస్తా గేరు రాడ్డుకి తల ఆనించి పడుకుంది. గేరు మార్చాలంటే దాని అనుమతి కావాలి. మేస్త్రి బుట్టలో, ఆమె ఒళ్ళో.

"అదేంటండీ, నన్నే అలా చూస్తోంది?"

"మీ డ్రైవింగు నచ్చలేదు."

"దాని పేరు చెప్పి మీరే అంటున్నారు కదూ?"

"మరి? అది మర్యాదస్తురాలు, పైకి అనదు."

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కిటికీ వైపు తిరిగి.

కాస్త దూరం పోయాక, అడక్కుండానే చెప్పింది. తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు అందరూ తగ్గిపోతుందనే అన్నారట. తగ్గదని డాక్టరు చెప్పిన సంగతి తనకొక్కదానికే తెలియదట.

"నేను బాధపడతానని దాచారట. తెలిసుంటే ఆ వారం షాపుకి వెళ్ళేదాన్ని కాదు, అమ్మ దగ్గరే కూర్చునేదాన్ని. బాధ పెట్టకూడదని అబద్ధం చెప్పేవాళ్ళని నేను క్షమించలేనండీ. వాళ్ళకంటే తిట్టేవాళ్ళు నయం."

"అయితే నేను నయమే. పొద్దుట్నించీ తిడుతున్నాగా," అన్నాడతను.

మధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర ఆగారు. ఆమె మొహం కడుక్కోడానికి వెళ్ళింది. బుట్టలోంచి మేస్త్రి ఒకటే అరుపు. పాపం, దాహమేమోననిపించి, అతను మూత కొంచెం ఎత్తి, సీసా మూతలో నీళ్ళు పెట్టబోయాడు. అంతే. చేతిమీద గీరి, తెరిచున్న తలుపులోంచి దూకి, బంకు వెనక పొదల్లోకి పోయింది.

పొద్దు వాలేదాకా ఇద్దరూ వెతికారు. ఆమె గొంతు పోయింది. అతన్ని ఒక్క మాట అనలేదు. మిగిలిన దారంతా ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. తిట్టినా బాగుండేదని అతననుకున్నాడు.

సామాను దించాక గుమ్మంలో నిలబడి అన్నాడు: "వారానికోసారి నాకు ఆ దారిన లోడు ఉంటుందండీ. వెళ్ళినప్పుడల్లా దిగి పిలుస్తాను."

"పిలిస్తే రాదు. అమ్మ గిన్నె మీద చెంచాతో కొడితేనే వచ్చేది. మీరు కొడితే రాదు. అమ్మలా కొట్టడం నాకొక్కదానికే వచ్చు."

అలా మొదలైంది. అతను బంకు వెనక నిలబడి ఫోను స్పీకరులో పెట్టేవాడు. అక్కణ్ణించి ఆమె అదే గిన్నె మీద, అదే చెంచాతో కొట్టేది.

"వినపడుతోందా?"

"బంకు మొత్తానికి వినపడుతోంది మేడమ్. పెట్రోలు కొట్టే అతను భోజనం వచ్చిందనుకుని పళ్ళెం తెచ్చుకున్నాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా స్పీకరులో పొదల్లోకి వెళ్ళింది.

మూడో వారం అతను ట్రక్కు దిగుతుండగానే, బంకు పక్కన పంక్చర్లు వేసే పెద్దాయన చెయ్యి ఊపాడు. "బాబూ, నీ పిల్లికి మెడలో నీలం గుడ్డ అన్నావు కదూ?"

కల్వర్టు పక్కన ఉంది. ఏదో లారీ కిందపడి ఉంటుంది. తల్లి తన పాత చీర అంచు చింపి కుట్టిన నీలం పట్టీ మెడకి అలాగే ఉంది. అతను పట్టీ విప్పి, పెద్దాయన దగ్గర పార తీసుకుని, బంకు వెనక గొయ్యి తవ్వాడు. మట్టి కప్పుతుండగా ఫోను మోగింది.

"ఏమండీ, చేరారా? చెంచా పట్టుకుని కూర్చున్నా."

అతను పార కింద పెట్టాడు.

"ఆ," అన్నాడు చివరికి. "కొట్టండి."

ఆమె కొట్టింది. మట్టి చేత్తో అతను ఫోను పొదల వైపు పట్టుకుని నిలబడ్డాడు.

పై వారం చెబుదామనుకున్నాడు. పై వారం ఆమెకు జ్వరం. ఆ తర్వాత కొత్త షాపులో ఉద్యోగం దొరికిందని మురిసిపోతోంది. ఇంకోసారి నోటిదాకా వచ్చిన మాటకి అడ్డంగా, ఆమె మొదటిసారి "నువ్వు" అంది. ఇక అక్కణ్ణించి, చెబితే పోయేది పిల్లి ఒక్కటే కాదు.

"ఈ ఫోన్లు పిల్లి కోసమా, ఆ అబ్బాయి కోసమా అని పిన్ని అడిగింది," అందొకసారి.

"మీరేమన్నారు?"

"చెంచా కడగాలని లేచి వెళ్ళిపోయా."

పిన్ని అతన్ని ఇంటికి పిలిపించింది. కుర్చీ చూపించి, తేరిపార చూసింది.

"అబ్బాయీ, మా పిల్లిని పోగొట్టింది నువ్వేనా?"

"నేనేనండీ."

"దొరికిందా?"

అతను తల దించుకున్నాడు. "నా తప్పేనండీ," అన్నాడు.

పిన్ని అక్క కూతురి వైపు తిరిగింది. "తప్పు ఒప్పుకునేవాడు అబద్ధాలాడడే. నాకు నచ్చాడు. ముహూర్తం నేను చూస్తా, పిల్లిని మీరు చూసుకోండి."

ఆమె మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ వెలుగు కోసమే ఎదురుచూసిన అతనికి, తీరా వచ్చాక తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది.

ఆమె అడిగింది ఒక్కటే. పెళ్ళికి ముందు ఒకసారి తనని బంకు దగ్గరికి తీసుకెళ్ళమంది. "ఫోనులో చప్పుడు నమ్మట్లేదేమో. నేనే వచ్చి కొడితే వస్తుంది."

మళ్ళీ అదే క్యాబిన్. ఆమె ఒళ్ళో గిన్నె, చెంచా. గుమాస్తా మాత్రం ఈసారి గేరు రాడ్డు జోలికి పోలేదు. డ్యాష్‌బోర్డు పెట్టెకి ముక్కు ఆనించి, దారి పొడుగునా సన్నగా మూలుగుతూనే ఉంది.

"ఏముందిరా అందులో? లంచమా?" అని ఆమె దాని చెవి లాగింది.

"పాత గుడ్డలు," అన్నాడతను.

బంకు దగ్గర బండి ఆగీ ఆగకముందే ఆమె దిగి వెనక్కి పరిగెత్తింది. గుమాస్తా దిగలేదు. పంక్చర్ల పెద్దాయన కొట్లోంచి లేచి నిలబడి, ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. పొదల వైపు నుంచి చప్పుడు మొదలైంది. కాసేపు కొట్టడం, ఆగి వినడం, మళ్ళీ కొట్టడం.

అతను పెట్టె తెరిచి నీలం పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. ట్రక్కు తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాడు.

మేస్త్రి సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.