వరండా మిద్దెకు కట్టు

లీలావతి ఆ రోజు ఎనిమిది చుక్కల ముగ్గు వేసింది. ఆఖరి గీత కలిపి, పసుపు తెద్దామని గడప దాటిందో లేదో వెనకాల ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే ముగ్గు నడిమధ్యలో, సరిగ్గా తాను కూర్చుని లేచిన చోట, మంచి పీటంత సిమెంటు పెచ్చు పడి ఉంది. ఇంకొకావిడైతే వీధి వీధంతా పోగయ్యేలా కేక పెట్టేది. లీలావతి ఆ పెచ్చును రెండు చేతులా ఎత్తి, కాఫీ పళ్ళెంలో పెట్టి, పక్కనే సగం గ్లాసు కాఫీ కూడా పెట్టి మొగుడి ముందుకు తీసుకుపోయింది.

"ఏందే ఇది?" అన్నాడు తులసీరాం.

"నీ వరండా మిద్దె. ఇడ్లీకి ముందు తింటావా, ఇడ్లీలోకి నంజుకుంటావా?"

తులసీరాం కాఫీ వదిలేసి పెచ్చును అందుకున్నాడు. పుత్తూరులో ఎముకలు కట్టే వంశం ఆయనది. అరవై తొమ్మిదేళ్ళ వయసులో నలభై ఐదేళ్ళు ఆ వరండాలోనే కూర్చుని, విరిగిన కాళ్ళూ చేతులూ వేళ్ళతో తడిమి, ఆకు పసరు రాసి, గుడ్డు తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. సిమెంటు పెచ్చునూ అలాగే కళ్ళు మూసుకుని తడిమాడు.

"పైపూత ఊడింది, అంతే. లోపలంతా గట్టిగుండాది."

వాళ్ళమ్మాయి పవిత్ర జడ వేసుకుంటూ బయటికొచ్చింది. తిరుపతిలో ఒక బిల్డరు దగ్గర సైటు ఇంజనీరు. రోజూ పొద్దున బస్సెక్కి పోయి, ఊళ్ళోవాళ్ళ మిద్దెలన్నీ నిలబెట్టి, సాయంత్రం ఈ మిద్దె కిందికి తిరిగొస్తుంది. వీధివైపు మూడడుగులు ముందుకు పొడుచుకొచ్చిన ఆ భాగం మీద ఆ పిల్లకు ఏడాదిగా అనుమానం.

"నాయనా, ఆ ముందర భాగం కొట్టేసి కొత్తగా వేసుకుందాం. నెల దినాల పని. అంతదాకా వరండా మూసేస్తే సరిపోతాది."

"విరిగినదాన్ని పీకి పారేసేది మా వంశంలో లేదు. కాలు విరిగితే కాలు కొట్టేసి కొత్తకాలు పెడతామా?"

"కాలు మనిషి నెత్తిన పడదు గదా నాయనా."

"నీ చదువు నాలుగేండ్లు. నా చెయ్యి నలభై ఐదేండ్లు. నువ్వు బస్సుకు పోమ్మా."

తులసీరాం మంచివాడే. కాని తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం, నాలుగో కాలు చూపిస్తే అది తోకంటాడు. పవిత్ర బస్సుకు పోయింది. లీలావతి పాడైన ముగ్గును నీళ్ళు చల్లి కడిగేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె కూరగాయలకు పోయి వచ్చేసరికి వంటింట్లో ఒక గిన్నె కనిపించింది. గిన్నె నిండా గుడ్డు పచ్చసొనలు, పన్నెండు. తెల్లసొన జాడ లేదు. అనుమానంతో వీధిలోకి పరుగెత్తి తల పైకెత్తితే తెల్లసొన ఎక్కడికి పోయిందో తెలిసింది. కట్టు విప్పించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి చేత నిచ్చెన పట్టించి, తులసీరాం వరండా మిద్దెకు కట్టు కట్టేశాడు. సిమెంటులో తెల్లసొన కలిపి పగులుకు మెత్తాడు, దాని మీద పాతపంచె చించి అంటించాడు, కింద వెదురుబద్దలు పెట్టాడు, తాడును పిట్టగోడ కన్నాల్లోంచి పోనిచ్చి, చివర ఆ పెద్దమనిషి చేత పట్టించి ముడి బిగించాడు. ముడి మాత్రం అద్భుతంగా ఉంది.

"మూడు వారాలు కదిలించకూడదు," అన్నాడు తులసీరాం, చేతులు తుడుచుకుంటూ.

"అది యాడికి పోతాదయ్యా, నడిచిపోతాదా?" అంది లీలావతి. "ఈ పచ్చసొనలు ఏం చేసేది నేను?"

ఆ రాత్రీ మర్నాడూ ఆ ఇంట్లో పచ్చటి అట్లే. వీధిలో జనం ఒకరినొకరు పిలుచుకొచ్చి మరీ ఆ కట్టును చూసి పోయారు. మిద్దెకు పథ్యం ఏం చెప్పినావన్నా అని ఒకాయన, ఎక్స్‌రే తీయించినావా అని ఇంకొకాయన. తులసీరాం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. లీలావతికి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున ముగ్గు వేయడానికి కూర్చోబోయి, పైకి చూసి, ముగ్గు గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగింది. పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆ గడప ముందు ముగ్గు లేని పొద్దు అదే మొదటిది.

లోపలికి పోయి పాత తాళం ఒకటి వెతికి తెచ్చి వీధి గేటుకు వేసేసింది.

"గేటుకు తాళమేందే? కాళ్ళు విరిగినోళ్ళు గోడ దూకి వస్తారా?"

"పక్క సందులోనుంచి పెరట్లోకి వచ్చి, నా వంటింట్లోనుంచి వస్తారు. ఈ మిద్దె కింద నుంచి మాత్రం ఒక్క ప్రాణి పోకూడదు. నీ తావ కూర్చోవాల అనుకున్నోళ్ళకు పాప పాత సైటు హెల్మెట్ ఇస్తా."

అన్నంత పనీ చేసింది. మొదటి రోజు నగరి నుంచి చెయ్యి విరిగి వచ్చిన నేతగాడొకడు హెల్మెట్ పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. కట్టు కడుతున్నంతసేపూ తన చెయ్యి వైపు చూడలేదు, మిద్దె వైపే చూశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు వంటింటి గడప దాటి ముందుకు రావడానికి ఒప్పుకోలేదు. పెరట్లో బట్టలుతికే బండ మీద, ఇటుకల మీద, తిరగేసిన గంగాళం మీద కూర్చుండిపోయారు. లీలావతి వాళ్ళకు కాఫీ ఇచ్చింది, ఊరిబిండి పచ్చడి అంటించిన ఇడ్లీ పెట్టింది. ఇక చేసేది లేక తులసీరామే నూనెగిన్నె ఒక చేత్తో, బద్దలు ఒక చేత్తో పట్టుకుని వరండాకూ పెరటికీ మధ్య తిరిగాడు. పని కాగానే మళ్ళీ వచ్చి ఖాళీ వరండాలో తన కుర్చీలో కూర్చునేవాడు. మూడు రోజులు అలాగే గడిచాయి.

నాలుగో రోజు ఆదివారం. పవిత్ర ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది. తులసీరాం ఆ మనిషి ముఖం చూడలేదు, కుడి మణికట్టు చూశాడు.

"ఈ చెయ్యి నాది," అన్నాడు.

"మీదే సామీ. తొమ్మిదేండ్లయింది. గోడకు కట్టిన సారం మీద నుంచి పడినాను, మీరే కట్టినారు. నా పేరు సుందరరాజు." మేస్త్రీ చిన్నసుత్తి ఒకటి తీశాడు. "ఈ చేత్తోనే పని చేసుకోని బతుకుతాండా. ఒక్కసారి కొట్టి సూస్తాను, అంతే. ఏదీ పగలగొట్టను."

తాను కట్టిన చేతిని కాదనలేక తులసీరాం ఊరుకున్నాడు. సుందరరాజు స్తంభాలతో మొదలుపెట్టాడు. సుత్తి మొనతో మెల్లగా తట్టడం, చెవి ఒగ్గి వినడం. రెండు స్తంభాలూ ఖంగుమన్నాయి. గోడ ఆనుకుని ఉన్న మిద్దె భాగం ఒకటి రెండు చోట్ల తప్ప అంతా ఖంగుమంది. తులసీరాం తెలియకుండానే కుర్చీలోంచి లేచి, మేస్త్రీ పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. ఇద్దరూ ఒకే రోగి నాడి పట్టుకున్నట్టు ఉన్నారు. సుత్తి వీధివైపుకు వచ్చింది. డొబ్బుమంది.

"ఆడ డొల్ల," అనేశాడు తులసీరాం, మేస్త్రీ నోరు తెరవకముందే.

పవిత్ర నవ్వు ఆపుకోవడానికి దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. తులసీరాం ముఖం ఎర్రబడింది.

"ఆ గుడ్డ విప్పి సూడాల సామీ," అన్నాడు సుందరరాజు.

"విప్పేది లేదు. మూడు వారాలు కాలేదు."

"నాయనా, ఏముండాది దాని కింద?" అంది పవిత్ర. "నీకు తెలుసు. నీ వేళ్ళకు తెలియకుండా ఉండదు. చెప్పు."

"ఏమీ లేదు. నా ఇల్లు, నా వరండా. నేను పోయినాక మీ ఇష్టం వచ్చినట్టు కొట్టుకోండి."

"అయితే మొదట నేను పోతాలే," అంది లీలావతి. ఎప్పుడొచ్చిందో, వంటింటి చేతిగుడ్డ పట్టుకుని గడపలో నిలబడి ఉంది. "ముగ్గేసేది నేను గదా దాని కింద."

సుందరరాజు సుత్తి జేబులో పెట్టుకుని, వరండా గోడ మీద రంగుతో రాసిన అక్షరాల వైపు చూశాడు. తులసీరాం తండ్రి రాయించిన మాట అది, ప్రతి దీపావళికీ తులసీరామే కొత్త రంగు పూస్తాడు. 'చర్మం చీలి ఎముక బయటపడిన దెబ్బలు ఇక్కడ చూడబడవు. వెంటనే ఆస్పత్రికి పోవలెను.'

"నేను పడినపుడు నా జతలో ఇంకొకడు పడినాడు సామీ, గ్యాపకముండాదా? వాడి కాలు మీరు ముట్టుకోలేదు. ఎముక కనిపిస్తా ఉంది, మేం చేసే పని కాదు అని మీరే ఆటో పిలిపించి తిరుపతికి పంపినారు. వాడు ఈ పొద్దు నాకంటే బాగా నడస్తాడు. ఆ గుడ్డ కింద ఎముక కనిపిస్తా ఉందా, లేదా? అంతే నేను అడిగేది."

తులసీరాం ఆ అక్షరాల వైపు చూశాడు. తర్వాత నిచ్చెన తానే జరుపుకుని, నాలుగు మెట్లెక్కి, తాను వేసిన ముడిని తానే విప్పాడు. బద్దలు ఊడాయి. పంచెముక్క మెత్తిన సిమెంటుతో సహా పొరగా ఊడొచ్చింది. లోపల వరసగా మూడు ఇనుప కమ్మీలు బయటికి కనిపిస్తున్నాయి. చిటికెనవేలంత లావుండాల్సినవి తుప్పు తిని చీపురుపుల్లల్లా ఉన్నాయి.

"కట్టేనాడే కనిపించినాది," అన్నాడు నిచ్చెన మీద నుంచే.

"తెలిసీ కప్పెట్టినావా?" అంది లీలావతి.

"నెల దినాలు మూసేయాలంటే ఏం చేసేదే? ఈ వీధిలో కట్టు కట్టే ఇండ్లు తక్కువుండాయా? పక్కింటికి అలవాటు పడినోడు మళ్ళీ నా గడప ఎక్కుతాడా? ఈ వయసులో చెయ్యి ఒక నెల ఊరికే ఉంటే..." తన చేతులను తానే చూసుకున్నాడు.

ఏడాదిగా ఆ చేతులు వణుకుతున్నాయి. లీలావతి ఆయనకు కాఫీ సగం గ్లాసే ఇస్తున్నది అందుకే. ఆఖరి ముడి వేసే వేళకు ఆయన 'వెలుతురు చాల్లేదు, ఈ చివర పట్టుకోవే' అని ఆమెను పిలుస్తాడు. వరండాలో వెలుతురు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆమె ఒక్కనాడూ ఆ మాట అనలేదు, వచ్చి చివర పట్టుకుని పోతుంది, అంతే.

"నీ తావకు వచ్చేవాళ్ళు పోతారని నీకు భయం," అంది లీలావతి. "నేను పోతానని భయం లేకపాయె. ఆ పొద్దు పసుపు కోసం లేచినా గాబట్టి ఉండా. లేకుంటే నాకు కట్టు కట్టేదానికి నెత్తి మిగిలుండేదా?"

తులసీరాం నిచ్చెన దిగాడు. కళ్ళలో తిరిగిన నీళ్ళు పైపంచెతో తుడుచుకున్నాడు. ఆమెకు కోపం అక్కడే సగం పోయింది, కాని మిగతా సగం తీర్చుకోవడానికి ఇంకా నిలబడింది.

"మూడు దినాలుగా గేటుకు తాళం ఉండాది. సందులో బురద తొక్కుకోని, నా పొయ్యి పక్కనుంచి దాటుకోని వచ్చినారు. ఒక్కడన్నా పక్కింటికి పోయినాడా? బండ మీద కూర్చోని గూడా నీ చెయ్యే కావాలన్నారు గదయ్యా."

తులసీరాం ఆలోచించాడు. నిజమే. ఒక్కడూ పోలేదు. మూడు రోజులుగా ఖాళీ కుర్చీకి కాపలా కాస్తూ ఆ సంగతి తాను గమనించనే లేదు.

"ఇడ్లీ కోసం వచ్చింటారులే," అన్నాడు, ముక్కు చీదుకుంటూ.

"ఆ, చెయ్యి విరగ్గొట్టుకోని మరీ వస్తారు నా ఇడ్లీకి," అంది ఆమె.

సుందరరాజు తేల్చి చెప్పేశాడు. స్తంభాలు బంగారం. లోపలి మిద్దెకు పెచ్చులు రాల్చి, కమ్మీల తుప్పు గీకి, మందు పూసి, కొత్త పూత వేస్తే చాలు. ముందరి మూడడుగులు మాత్రం కొట్టేసి మళ్ళీ పోయాల్సిందే. "లోపలిది మీ కేసు సామీ, ముందరిది ఆస్పత్రి కేసు," అన్నాడు. సగం గెలిచినందుకు తులసీరాం మీసం సవరించుకున్నాడు. పవిత్ర తానూ సగం గెలిచినట్టే లెక్క వేసుకుని మేస్త్రీకి కాఫీ తెచ్చింది.

బుధవారం పని మొదలైంది. వీధివైపు సుత్తుల మోత. లీలావతి ఆ పొద్దున పెరటి గడప ముందు నీళ్ళు చల్లి ఎనిమిది చుక్కల ముగ్గు వేసింది. పెరట్లో ముగ్గేమిటని సందులోంచి ఎవరో అడిగితే, మా ఆయన ఆస్పత్రి ఇప్పుడు ఈడుండాది అని చెప్పింది. తులసీరాం కుర్చీ బట్టలుతికే బండ పక్కకు వచ్చింది. బండ మీద, గంగాళం మీద అప్పటికే మనుషులున్నారు.

మొదట కార్వేటినగరం నుంచి వచ్చిన ముసలావిడ మోచెయ్యి. తులసీరాం తడిమి, సరిచేసి, పసరు రాసి, బద్దలు పెట్టి, గుడ్డ చుట్టాడు. ఆఖరి ముడి దగ్గర చేతులు వణకసాగాయి. అలవాటుగా వంటింటి వైపు తిరిగి నోరు తెరిచి, ఆగిపోయాడు. పెరటి నిండా, బండ నిండా, ముసలావిడ చేతి నిండా కళ్ళు చెదిరే ఎండ. ఎదురుగా ఏడుగురు చూస్తున్నారు.

"లీలావతీ," అని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది.

"చెయ్యి వణకతాంది. ఈ చివర పట్టుకో."

లీలావతి వచ్చి పక్కన కూర్చుని గుడ్డ చివర పట్టుకుంది. ముడి పడ్డాక కూడా కాసేపు వదల్లేదు.