కళ్లెం వెయ్యి

"ఏటి నీళ్లలో నడిచే పటం ఎక్కించు. గాలి పాలు పెంచు. పొగగొట్టం తెరిచి ఉంచు."

తబిత ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది. గోడకున్న వినికిడి పెట్టె ప్రతి మాటకీ ఒక పచ్చదీపం వెలిగించింది. ఆటోనగర్‌లో ఇప్పుడెవరూ ఇంజన్ మెదడుకి వైర్లు తగిలించి అంకెలు మార్చడం లేదు. ఇంజన్లని శ్రుతి చేసే శ్రుతికారిణి నోటితో చెప్పాలి, ఆ గొంతే సంతకం.

వ్యాన్ తలుపు పట్టుకున్న బాజీకి కాలు నిలవడం లేదు. కట్ట అవతలి కాలనీలో అతని భార్య హసీనాకి నొప్పులొస్తున్నాయి. మధ్యలో రోడ్డు మీద నడుములోతు నీళ్లు. పడవలన్నీ పై ఊళ్లకి పోయాయి. నీళ్లలో నడవగల ఎత్తు చక్రాల బండి ఈ షెడ్ల వరసలో ఇదొక్కటే.

"తొందరగా కానియ్యక్కా! ఉమ్మనీరు పోయిందంట. నీ కాళ్లు పట్టుకుంటా."

"అయిపోయిందయ్యా, అయిపోయింది," అంటూ తబిత ఆఖరి మాట కూడా చెప్పేసింది. "కళ్లెం వెయ్యి."

ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపే కళ్లేన్ని బిగించు అనాలి. శిక్షణలో నోరు నొప్పెట్టేలా వల్లె వేయించిన మాట అది. కంగారులో ఇంట్లో మాట బయటికొచ్చింది.

"కళ్లెం, వెయ్యి చుట్లు," అంది వినికిడి. "ముద్ర పడింది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా! నిమిషానికి వెయ్యి చుట్లు దాటని ఇంజన్ నీళ్లలో బతకదు. పొగ గట్టిగా బయటికి తన్నుతుంటేనే గొట్టంలోకి నీళ్లు రావు. ఈ లెక్కన వ్యాన్ సగం దారిలోనే ఆగిపోతుంది.

"అంకె కాదే! వేసెయ్యమన్నాను!"

"సవరణకు గమన మండలికి విన్నవించుకోవచ్చు. గడువు మూడు రోజులు."

"మూడు రోజులా? నీ మొహం మండ! అక్కడ రెండు ప్రాణాలున్నాయి!"

ఆ కేకకి పక్క షెడ్డు దైవాధీనం వచ్చాడు. తబితకి ఈ పని నేర్పింది ఆయనే. సంగతి విని తల పట్టుకున్నాడు.

"గొంతు వెనక్కి తీసుకుంటానంటావేమో, ఆ మాట అనకు. నీ గొంతు మీద నిలబడ్డ కళ్లేలన్నీ ఊడిపోతాయ్. ఊళ్లో వందల బండ్లు. ఇంక ఈ జన్మలో నీ మాట ఏ ఇంజనూ వినదు. కూడు పోద్దమ్మా."

తబితకి తెలుసు. కళ్లెం లేని బండి మనుషుల మీదికి పోతుందని నమ్మి ఈ పనిలోకొచ్చిన మనిషి ఆమె. వాటన్నిటినీ ఇప్పుడు తనే వదిలెయ్యాలా? భయంతో ఏడుపు ముంచుకొచ్చింది. బాజీ ఫోన్‌లోంచి హసీనా కేక వినబడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

"నా గొంతు నేను వెనక్కి తీసుకుంటున్నాను," అంది తబిత.

దీపాలన్నీ ఆరిపోయాయి. వ్యాన్ రంకె వేసింది.

"పో బాజీ! నీళ్లలో యాక్సిలరేటర్ మీంచి కాలు మాత్రం ఎత్తకు!"

వ్యాన్ వీధి చివర నీళ్లలోకి దిగింది. తబిత అటు చూడకుండా పెద్దరోడ్డు వైపు పరుగెత్తి, వచ్చే బండ్లకి అడ్డంపడి, మెల్లిగా పోనివ్వండి బాబూ, మీ కళ్లేలు ఊడిపోయాయి అని గొంతు చించుకుంది.

షెడ్డులో వినికిడి మళ్లీ మొదలెట్టింది. "ఊడిన కళ్లేలను పాత ముద్రతోనే పక్క శ్రుతికారుడి గొంతు మీద బిగించాలి. దైవాధీనం గారూ, సమ్మతమేనా?"

అవునంటే నడినీళ్లలో వ్యాన్ ఆగిపోతుంది. కాదంటే తన గొంతూ పోతుంది. దైవాధీనం నోరు విప్పలేదు.

"సమాధానం లేదు. తర్వాతి షెడ్డును అడుగుతున్నాను."

ఆయన ఒక్క ఉదుటున వీధిలోకొచ్చాడు. వరసలో పనివాళ్లంతా బయటికొచ్చి చూస్తున్నారు. పలకొద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో నీళ్లకేసి చూపించాడు.

ఒక్కొక్క షెడ్డులోంచీ అదే ప్రశ్న వినబడింది, సమ్మతమేనా, సమ్మతమేనా అని. వీధి పొడుగునా ఎవరూ కిక్కురుమనలేదు. నీళ్లలో వ్యాన్ మోత అవతలి ఒడ్డు వైపు సాగుతోంది.