చివరి చేనుకి నీటి వంతు

రుయ్‌చిన్ పొద్దున్నే ఆవిరి రొట్టెలకి పిండి కలిపిపెట్టి వాకిట్లోకి వచ్చింది. ఎదురుగా పొద్దుతిరుగుడు కోసేసిన చేను. మోళ్ళ మధ్య నేలంతా ఉప్పు పొంగి తెల్లగా ఉంది. భర్త మన్‌చాంగ్ గట్టు మీద గొంతుక్కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు.

"టీ పెట్టనా?"

"మన బావి నీళ్ళతో టీ ఏమిటే? ఉప్పు చారు అను, తాగుతాను." సిగరెట్ గట్టుకి నలిపేశాడు. "మీ అన్నయ్యని అడుగుతానన్నావు."

"నువ్వే అడగొచ్చుగా, నీకు బావేగా?"

"చెల్లెలు అడిగితే హక్కు. నేనడిగితే బిచ్చం."

కోతలయ్యాక కాలువలో పెద్ద నది నీళ్ళు వదిలేవారు. ఆ నీళ్ళు చేలల్లో నిలిచి ఉప్పుని అడుక్కి తోసేవి, చలికాలమంతా మట్టిలో గడ్డకట్టుకుని ఉండి, వసంతంలో విత్తనానికి తడి ఇచ్చేవి. రెండేళ్ళుగా అవి ఈ చివరి ఊరి దాకా రావడం లేదు. ఈసారీ రాకపోతే ఈ నేలలో ఇక మొలకెత్తేది ఏమీ ఉండదు.

రుయ్‌చిన్ పుట్టిల్లు అదే కాలువ మొదట్లో ఉంది. ఆమె అన్న దెహౌ అక్కడి లాకు దగ్గర వంతులు పంచే మనిషి. కాలువ పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ కలిసి అతన్ని పెట్టుకున్నాయి. ఆమె బ్యాటరీ బండి తీసుకుని బయల్దేరింది.

వదిన యాన్‌లింగ్ చేపల గుంట పక్కన తన హోటల్లో చేపకి పొలుసు తీస్తోంది. మూలన పీట మీద అమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. దెహౌ అప్పుడే గిన్నె ముందు కూర్చున్నాడు.

"రా రుయ్‌చిన్, వేళకొచ్చావు. కూర్చో, తిందువుగాని" అంది వదిన.

రుయ్‌చిన్ కూర్చోలేదు. "అన్నయ్యా, ఈసారైనా మా దాకా నీళ్ళొస్తాయా?"

దెహౌ గిన్నె పక్కకి జరిపాడు. "పైనుంచి మనకిచ్చేదే తగ్గించేశారు చెల్లీ. నది మన ఒక్కళ్ళదా? బొగ్గు ఫ్యాక్టరీలకి కావాలి, కింద సముద్రం దాకా ఊళ్ళకి కావాలి. మిగిలింది పంచితే ముందున్నవాళ్ళకే చాలడం లేదు."

"మీ చేపల గుంటకి మాత్రం చాలుతోందే!"

యాన్‌లింగ్ కత్తి బల్ల మీద కొట్టింది. "నోటికొచ్చినట్టు మాట్లాడకు. మీ అమ్మ మందులు, నీ మేనల్లుడి చదువు మా చేలో గోధుమలమ్మితే వస్తున్నాయా? పట్నంవాళ్ళు కార్లేసుకొచ్చి చేప తింటే మా పొయ్యి వెలుగుతోంది."

"మా పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది వదినా."

"అయితే మా నీళ్ళు పోసి వెలిగించుకుంటావా?"

అమ్మ చేతిలోని వెల్లుల్లి కింద పడింది. "దాన్ననకే! ఆ ఊరికి ఇచ్చింది నేను. అప్పట్లో నీళ్ళన్నీ అక్కడి సరస్సులోకే దిగేవి. ఎంత రెల్లు, ఎన్ని చేపలు! ఆ ఊరి సంబంధమంటే ఎగబడేవాళ్ళు. దొరికింది కదా అని మురిసిపోయి ఇచ్చాను." కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వు దీనికి తోడబుట్టావా, లాకుకి తోడబుట్టావా?"

రుయ్‌చిన్ ముద్ద ముట్టకుండా వచ్చేసింది.

కొన్నాళ్ళకి ఫోన్ మోగింది. "నా చేను వంతు మానుకున్నాను. ఆ నీళ్ళు నీకే వదులుతున్నా. గట్లు సరిచేసుకోండి" అన్నాడు దెహౌ. వెంటనే పెట్టేశాడు.

ఆలుమగలిద్దరూ పారలు పట్టుకుని గట్లు ఎత్తుకట్టారు, పిల్లకాలువలో మేటేసిన ఇసుక తోడిపోశారు. "మీ అన్న మనిషేనే!" అని మన్‌చాంగ్ చాలా కాలానికి నవ్వాడు.

దెహౌ లాకు ఎత్తి, మోటారుసైకిల్ మీద నీళ్ళతోపాటే బయల్దేరాడు. ఊరూరా జనం గట్టు మీద పంపులు పెట్టుకుని నిలబడ్డారు. ఒకచోట బతిమాలాడు, ఒకచోట తిట్టాడు. ఇంకోచోట ఒకడు కాలర్ పట్టుకుని, "నీ చెల్లెలికో న్యాయం, మాకో న్యాయమా?" అన్నాడు. దెహౌ విదిలించుకుని బండి ముందుకి పోనిచ్చాడు. గొర్రెలకోసం బకెట్లు ముంచుకుంటున్న ముసలమ్మని ఆపబోయి ఆగిపోయాడు. పైగా బీటలు వారిన కాలువ అడుగే ఎక్కడికక్కడ నీళ్ళు తాగేస్తోంది.

మధ్యాహ్నం దాటాక రుయ్‌చిన్‌కి నీళ్ళు కనిపించాయి. నురగ, గడ్డిపరకలు నెట్టుకుంటూ మట్టిరంగు పాయ ఒకటి మెల్లగా వస్తోంది. "వస్తున్నాయి!" అని అరిచింది. చేను కనుచూపు మేరలో ఉందనగా పాయ సన్నబడింది. మన్‌చాంగ్ పరుగెత్తుకెళ్ళి పారతో దారి తవ్వాడు. ఆ తవ్విన చోటే నీళ్ళు ఇంకిపోయాయి. వెనకాల ఇంక రాలేదు.

దెహౌ బండి దిగి మోకాళ్ళ దాకా బురదతో నడిచొచ్చాడు. కాలర్ చిరిగి వేలాడుతోంది. "నాతోనే వచ్చాయి చెల్లీ. ఎక్కడా వదల్లేదు నేను" అన్నాడు, ఎవరో నమ్మనట్టు.

తెల్లటి చేను వైపు చూశాడు. "ఇన్నేళ్ళూ లాకు దగ్గరే కూర్చున్నాను. నీళ్ళ వెంట ఇంత దూరం ఒక్కసారీ రాలేదు. మీరంతా ఉన్నదానికి రెట్టింపు చెబుతున్నారనుకునేవాణ్ణి."

"నీ చేను?"

"అదీ ఎండిందిలే."

"వదిన?"

"తిడుతోంది. తిట్టనీ."

రుయ్‌చిన్ అతని కాలర్ సరిచేయబోయింది. అది ఊడి చేతికొచ్చింది. అన్నాచెల్లెళ్ళు గట్టు మీదే కూలబడ్డారు.

మన్‌చాంగ్ పార భుజానేసుకుని వచ్చాడు. "వసంతంలో విత్తనాలు వెయ్యం బావా. పట్నం పోయి ఏదో కూలి చూసుకుంటాం" అన్నాడు. వెళ్ళొద్దని గానీ, మా ఊరు రమ్మని గానీ దెహౌ అనలేకపోయాడు.

"అన్నయ్యా, అమ్మ అడుగుతుంది" అంది రుయ్‌చిన్. "నీళ్ళొచ్చాయని చెప్పు."

"చేను తడిసిందా అంటే?"

"తడిసిందని చెప్పు. మంచి ఊరికే ఇచ్చావని చెప్పు."

దెహౌ సరేనన్నట్టు తలూపాడు. ఆ బురద చేతులతోనే మొహం కప్పుకుని, చెల్లెలి పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.