ఎడమవైపు కుంగిన బండి

“మళ్ళీ కుంగిందండీ!”

వర్క్‌షాప్ గేటు దగ్గర పశువుల డాక్టర్ ఆ మాట అన్న తీరు చూస్తే, పాపం బండి పాడైందని ఎవరూ జాలిపడరు. మొహం చాటంత చేసుకుని మరీ చెప్పాడు. వెనకాల అతని ఫోర్ వీల్ డ్రైవ్ ముందు ఎడమవైపు నేలకి వాలిపోయి ఉంది.

మెకానిక్ అమ్మాయి మాత్రం పరుగున వచ్చి చక్రం దగ్గర వంగింది. పోయిన వారమే ఆ మూల చిరిగిన ఎయిర్ బ్యాగ్ తీసేసి కొత్తది వేసింది. స్ప్రింగ్ బదులు బండిని మోసే గాలి తిత్తి అది. ఎవరి సాయం లేకుండా ఆమె చేసిన మొదటి సస్పెన్షన్ పని.

డాక్టర్ బండిని లోపలికి తేవడానికి వెళ్ళగానే, షెడ్డు యజమాని అయిన వాళ్ళ నాన్న దగ్గరకొచ్చాడు.

“కొత్త బ్యాగ్ వేశాక కూడా లీకేనా? ఇవాళ తేల్చకపోతే రేపట్నుంచి కౌంటర్లో కూర్చో తల్లీ. ఈ పనులు పెద్ద మేస్త్రీ చూసుకుంటాడు.”

ఆమె బండిని ర్యాంప్ ఎక్కించి, గాలి నింపి, సబ్బు నీళ్ళ స్ప్రే అందుకుంది.

“టీ తాగుదామా?” అన్నాడు డాక్టర్, పక్కన చేరి.

“మీరు గేదెకి ఇంజెక్షన్ ఇస్తుంటే నేనొచ్చి టీ అడిగానా?”

“అడిగి చూడాల్సింది. గేదెనే వెయిట్ చేయమనేవాణ్ణి.”

నవ్వొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

బ్యాగ్ మీద నీళ్ళు కొట్టింది. బుడగ లేదు. పైపు వెంట కొట్టింది. లేదు. పైపుని బ్యాగ్‌కి కలిపే నట్టు మీద కొట్టగానే బుసబుసా నురగ పొంగింది.

తుడిచి, టార్చ్ వేసి చూసింది. బిగించిన ప్రతి నట్టు మీదుగా పక్క ఇనుము దాకా ఒక తెల్ల పెయింట్ గీత గీయడం ఆ షెడ్డు అలవాటు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. ఇక్కడ విరిగింది. పైగా నట్టు అంచులు గీకినట్టున్నాయి.

“దీన్నెవరో తిప్పారు.”

డాక్టర్ ఉన్నట్టుండి పైకప్పు రేకులు పరిశీలించసాగాడు.

“డాక్టరు గారూ!”

“కొంచెమే తిప్పానండీ. మళ్ళీ రావడానికి వంక దొరక్క...”

“బుద్ధుందా మీకు? గాలి నింపలేక కంప్రెసర్ కాలిపోతే? మీకిది సరదా. నన్ను రేపట్నుంచి కౌంటర్లో కూర్చోమన్నారు నాన్న. ఈ పని ఇమ్మని ఇంట్లో ఎంత పోరు పెట్టానో మీకేం తెలుసు?”

అతని నవ్వు ఎగిరిపోయింది. ఆ సంగతి అతని బుర్రకి తట్టనే లేదు మరి! సిగ్గుతో చచ్చినంత పనైంది. గబగబా షెడ్డు మధ్యకి నడిచాడు.

“అంకుల్! మీ అమ్మాయి పనిలో ఏ లోపమూ లేదు. నట్టు వదులు చేసింది నేను. తనని మళ్ళీ చూడాలనిపించింది. తనంటే నాకు చాలా ఇష్టం.”

సుత్తి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. పెద్ద మేస్త్రీ ఏకంగా బండి కింద నుంచి బయటికొచ్చాడు.

నాన్న వంగి గీత చూశాడు. తర్వాత డాక్టర్‌ని ఎగాదిగా చూశాడు.

“చేసింది వెధవ పనే. దాచుకోలేదు కాబట్టి మనిషి పర్లేదు.” కూతురి వైపు తిరిగాడు. “సస్పెన్షన్ పనులన్నీ ఇక నీవేనమ్మా. ఈయన సంగతి కూడా నువ్వే తేల్చు. నాకభ్యంతరం లేదు.”

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నట్టు వైపే చూస్తూ అంది.

“ముందు స్పానర్ పట్టడం నేర్చుకోమనండి నాన్నా. మనింటి అల్లుడు నట్టు అంచులు ఇలా అరగదీశాడంటే పరువు పోతుంది.”