గోడ దాచుకున్న పేర్లు

"ఆపండి! ఇంకో అడుగు ముందుకొచ్చారంటే నన్ను కూడా కూల్చాలి!"

ఎజ్రా మికెల్ బుల్డోజర్‌ని టక్కున ఆపాడు. దీవిలోని పాత బడి గుమ్మంలో ఓ అమ్మాయి రెండు చేతులూ చాచి నిలబడింది. పసుపు గౌను, తలకి నీలం గుడ్డ, బుగ్గమీద ఇంత మసి. కోపంలో కూడా ఇంత బాగుంటారా మనుషులు అనుకున్నాడు.

"మేడమ్, మీరెవరు?"

"నెరిస్సాని. చార్లెస్టన్ నుంచి వచ్చాను. మన నల్లవాళ్ళ ఫొటోలు, ఉత్తరాలు, కబుర్లు పోగుచేసి భద్రపరచడం నా పని."

"కూల్చడం నా పని. ముసలివాళ్ళు కారు దిగి చాలా దూరం నడవాల్సి వస్తోందని చర్చివాళ్ళు ఇక్కడ పార్కింగ్ కట్టమన్నారు."

"ఇది ఎవరి బడో తెలుసా?"

"తెలియకేం? తెల్లవాళ్ళు మనల్ని తమ బడిలోకి రానివ్వని రోజుల్లో మా దీవివాళ్ళే చెక్కలు మోసి కట్టుకున్నారు. ఇప్పుడిందులో పాములు చదువుకుంటున్నాయి."

ఆమెకి నవ్వు రాబోయింది. పెదవి బిగబట్టి ఆపుకుంది. "అయితే రండి, ఏం చదువుతున్నాయో చూద్దురుగాని."

ఇంతలో వాన మొదలైంది. తడవకుండా ఉండాలంటే లోపలికి వెళ్ళక తప్పలేదు.

గోడమీద సున్నం పెచ్చులూడింది. నెరిస్సా సెల్‌ఫోన్ వెలుతురు వేసింది. సున్నం కింది చెక్కమీద పెన్సిల్‌తో రాసిన వంకర అక్షరాలు కనిపించాయి. 'డొర్కాస్ హేవర్డ్, 1949. టీచర్ చూడకముందే రాశాను.'

ఎజ్రా నోరు తెరిచాడు. "మా నానమ్మ! గోడమీద గీత గీస్తే నా వీపు చీరేసింది ఈవిడేనా!"

ఈసారి నెరిస్సా పకపకా నవ్వేసింది. కప్పు అంతటా కారుతోంది. పొడిగా మిగిలింది ఒక్క మూల. అందులో ఇద్దరూ భుజాలు తగిలేలా నిలబడ్డారు. వాన ఇంకాసేపు కురిస్తే బాగుండుననిపించింది ఎజ్రాకి.

"సున్నం కింద ఇంకెన్ని పేర్లున్నాయో," అందామె మెల్లగా.

ఎజ్రా పాస్టర్‌గారిని ఆదివారం దాకా గడువడిగాడు. బడిని ఉంచడానికి చర్చి సంఘం ఒప్పుకోకపోతే సోమవారం తానే కూల్చేస్తానని మాటిచ్చాడు.

నాలుగు రోజులు ఇద్దరూ చెంచాలతో, బ్రష్షులతో సున్నం గీకారు.

"మెల్లగా! అది బుల్డోజర్ కాదు, చెంచా!"

"మీ నోరుంటే బుల్డోజర్ ఎందుకు?"

శుక్రవారానికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. శనివారానికి నలభై ఒక్క పేర్లు బయటపడ్డాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లెమ్యుయెల్ లేచాడు. "పాత చెక్కలకోసం మోకాళ్ళనొప్పులవాళ్ళని వానలో నడిపిద్దామా?"

కొందరు తలలూపారు. నెరిస్సా జవాబు చెప్పబోయింది. బయటినుంచి వచ్చినదాని మాట ఎవరు వింటారని ఆగిపోయింది. ఎజ్రా ఆమె చేతిలోని పేర్ల కాగితం అందుకుని లేచి నిలబడ్డాడు. జన్మలో ఎప్పుడూ నలుగురిలో మాట్లాడినవాడు కాడు.

"ఐజయా గ్రేసన్!" అని పిలిచాడు.

వెనక బల్లలోంచి ఓ నడివయసు ఆమె లేచింది. "మా నాన్న. ఆయన లేడు, ఆయన బదులు నేనున్నాను."

"డొర్కాస్ హేవర్డ్!"

నానమ్మ చేతికర్ర ఊని లేచింది. "హాజరు, సార్!"

జనం గొల్లున నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆపేవాళ్ళు లేరు. పేరు పిలవగానే ఎవరో ఒకరు లేస్తున్నారు. తమ్ముడి బదులు అక్క, తల్లి బదులు కొడుకు.

"లెమ్యుయెల్ ఛిసోమ్!"

సంఘ పెద్ద కదల్లేదు. అందరూ ఆయనవైపే చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"హాజరు," అన్నాడు చిన్నపిల్లాడిలా. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అన్నాడు: "పార్కింగ్ చర్చి వెనకాల వేసుకుందాం. ఎజ్రా, ఆ నేల చదును చెయ్యి. తర్వాత బడి బాగుచెయ్యి."

బయట ఎండలో నెరిస్సా ఎగిరి ఎజ్రా మెడ చుట్టేసింది. మరుక్షణం సిగ్గుపడి వెనక్కి జరిగింది. వెనకే నానమ్మ!

"ఏరా, ఇప్పుడు మాట రావడంలేదేం? లోపల నలభై ఒక్కమందిని పిలిచావుగా. ఈ అమ్మాయినొక్కదాన్ని భోజనానికి పిలవలేవూ?" అంది నానమ్మ. నెరిస్సా గడ్డం పట్టుకుంది. "వీడికి మాటలు రావుగానీ మనసు మంచిదమ్మా. రా, రొయ్యలు వేసి బెండకాయ పులుసు చేశాను." కర్ర ఆడిస్తూ ముందు నడిచింది.

"నేను మంగళవారం వెళ్ళిపోవాలి," అంది నెరిస్సా, నేల చూస్తూ. "బడి బాగుచెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఒక్కడినే చేస్తే మూడు నెలలు."

"నేనూ ఉంటే?"

ఈసారి ఎజ్రా తడబడలేదు.

"నువ్వుంటే నాకు పనిమీద ధ్యాస ఉండదు నెరిస్సా. నువ్వంటే నాకంత ప్రేమ. ఏడాదైనా పడుతుంది."

"అయితే ఏడాదికి సరిపడా బట్టలు తెచ్చుకోవాలి," అంటూ ఆమె అతని చేతిని చేతిలోకి తీసుకుంది.