యాక్సియమ్ పేరు ఉత్తదే

"సింధూజ మనల్ని అమ్మేసింది. పదకొండింటి లోపు ప్రాణాలతో తీసుకురా."

ఇయర్‌పీస్‌లో చీఫ్ మధుకర్ గొంతు అంతటితో ఆగింది. ఏజెంట్ పరమేశ్వర్‌ ఎదురు ప్రశ్న వేయలేదు. తన తండ్రి పోయిన రోజు ఢిల్లీ నుంచి దిగి, పాడెకు భుజం పట్టిన మనిషిని ఏమని ప్రశ్నిస్తాడు?

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో పళ్ల క్లినిక్ పైన అద్దె గది. గ్యాస్ సిలిండర్ మోసేవాడి వేషంలో మెట్లెక్కి తలుపు తట్టాడు. లోపలి నుంచి ప్రశ్న వచ్చింది.

"బోధన్ బెల్లం వచ్చిందా?"

"వచ్చింది. తడిసింది."

కోడ్ సరిపోయింది. తలుపు తీసింది సింధూజ. నెమలికంఠం రంగు పట్టుచీర, చెవులకు బుట్టకమ్మలు. ఓరియన్ అనే విదేశీ ముఠాలో చేరి, వాళ్ల గుట్టు మనకు మోసే డబుల్ ఏజెంట్. లెక్కల్లో దిట్ట. పరమేశ్వర్ సిలిండర్ దించి పిస్తోలు ఎత్తాడు.

"నన్ను పట్టుకపోను నువ్వే దొరికినవా పరమేశ్? మంచిదే. నీ వేలిముద్రతోని పనుంది."

పదకొండింటికి నిజామాబాద్–బోధన్ క్వాంటమ్ లైన్ మొదలవుతుంది. ఒక్కో ఫోటాన్‌తో, అంటే ఒక్కో కాంతి కణంతో, రహస్య తాళం పంపే లైన్. మధ్యలో ఎవడు వేలు పెట్టినా దొరికిపోతాడని ధీమా. ఆ ధీమాతోనే మొదటి సందేశంగా విదేశాల్లోని మన ఏజెంట్ల పేర్లు పంపుతున్నారు. పరికరంలో లోపం లేదని నిరూపించింది సింధూజే. ఆధారం లేని అడుగును ఒప్పుకోని థియరమ్ ప్రూవర్ అనే సాఫ్ట్‌వేర్ దానికి పచ్చజెండా ఊపింది. దాని తెర పచ్చగా ఉంటేనే లైన్ స్విచ్ పనిచేస్తుంది. అందులో ఒక్క అక్షరం చెరపాలన్నా ఆమెదీ, సెక్యూరిటీ చూసే పరమేశ్వర్‌దీ రెండు వేలిముద్రలు పడాలి.

"ప్రూవర్ అన్నిటినీ నిలదీస్తది. యాక్సియమ్, అంటే రుజువు అక్కెరలేని నిజం అని రాసిస్తే మాత్రం కండ్లు మూసుకొని మింగుతది," అంది సింధూజ. "నేనొకటి మింగించిన. గీ పరికరంల లేజర్ ఎన్నడూ ఒక్కపారి రెండు ఫోటాన్లు ఇడువదని."

"ఇడుస్తదా?"

"అప్పుడప్పుడు ఇడుస్తది. గా రెండోదాన్ని బోధన్ల చెరుకు చేన్ల పక్క షెడ్డుల ఓరియనోళ్లు పట్టుకుంటరు. మనకు తెల్వనే తెల్వది."

"నువ్వే రాసినవా? ఇన్నేండ్లు ఒక్క కంచంల తింటిమి గద సింధూ!"

"నేనే రాసిన. గా యాక్సియమ్ పేరు చదువు."

ఆమె తన వైపు తిప్పిన ల్యాప్‌టాప్ తెర మీద చదివాడు. ఉత్తదే.

నిజామాబాద్ జిల్లా ఏర్గట్లలో పుట్టినవాడికి ఆ మాట విప్పి చెప్పాలా? వట్టిది, అబద్ధం అని.

"పక్కన నిలవడి రాయించినోడు అర్థమేందని అడిగిండు. ఉత్తమమైనది సార్ అన్న. మస్తు ఖుషీ అయిండు."

"ఎవడు?"

ఆమె అతని చెవి వైపు వేలు చూపింది.

ఇయర్‌పీస్ గరగరమంది. అటు మధుకర్ అంతా వింటూనే ఉన్నాడు. "పరమేశ్, ఆమెను కాల్చెయ్. ఇప్పుడే."

ప్రాణాలతో తెమ్మన్నదీ ఆ నోరే; గుట్టు బయటపడగానే మాట మార్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ సంగతి. పరమేశ్వర్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"సార్, మా బాపును మోసిన్రు గదా!"

"కాల్చమన్నాను!"

ఎడమచేతి వేలు ల్యాప్‌టాప్ సెన్సార్ మీద నొక్కాడు. సింధూజ వేలూ పడింది. ఆ ఒక్క వాక్యం చెరిగింది. ప్రూవర్ మళ్లీ మొదటి నుంచి తనిఖీకి దిగింది. గడియారం ముల్లు పదకొండును తాకుతుండగా తెరంతా ఎర్రబడింది. బోధన్ కంట్రోల్ రూమ్‌లో మధుకర్ స్విచ్ నొక్కుతున్న చప్పుడు ఇయర్‌పీస్‌లో వినబడింది. టక్. టక్. టక్. లైన్ మొదలు కాలేదు. తర్వాత బూట్ల చప్పుడు, ఎవరివో అరుపులు.

"నీ ఇయర్‌పీస్ల మాటలన్నీ గిది పట్టి ఢిల్లీకి పంపింది," సింధూజ ఒక బుట్టకమ్మ తీసి బల్ల మీద పెట్టింది. "సాక్ష్యం లేకనే ఇన్నొద్దులు ఆగిన."

"నాకైనా ముందుగాల చెప్పకపోతివి?"

"చెప్తే ఎవల్ని నమ్ముదువు? ఆయన్నే."

అది నిజం. నిజం కాబట్టే ఎక్కువ నొప్పి పెట్టింది. పరమేశ్వర్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నిన్ను నమ్ముతున్న సింధూ."

"అట్లనా," అంది సింధూజ. "మరి గా పిస్తోలు దించరాదు?"