బోర్డు మీద 10,00,041

ఉదయం 7.10. మాస్టారి శవం టేబుల్ పక్కన వెల్లకిలా పడి ఉంది. తల వెనక గాయం. పక్కనే బోర్లాపడ్డ స్టూలు.

రిటైరైన లెక్కల మాస్టారు. నా అన్నవాళ్లలో మిగిలింది ఒక్క మేనల్లుడు. గదిలో ఒకే కంచం, ఒకే గ్లాసు. ఇన్‌స్పెక్టర్‌దీ ఒంటికాయ సొంటికొమ్ము బతుకే. ఆ గ్లాసు చూసి ఆయన ప్రాణం చివుక్కుమంది.

"టైం?"

"గది మంచుగడ్డలా ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఇవాళ పొద్దుటి దాకా ఎప్పుడైనా కావచ్చు," అన్నాడు డాక్టర్.

"నేను చెప్తాగా!" ఇంటి ఓనరు ముందుకొచ్చాడు. "తలుపు బయట, పక్కన బోర్డుంది చూడండి. రోజూ తెల్లారేసరికి దాని మీద కొత్త సంఖ్య రాస్తాడు. ఇవాళ ఆరింటికి చూస్తే మారి ఉంది. అంటే బతికే ఉన్నాడు. ఆరున్నరకి ఈ మేనల్లుడొచ్చాడు. ఇంకో పురుగు కూడా రాలేదు!"

మేనల్లుడి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నేను తలుపు తీసేసరికే పడి ఉన్నాడు సార్. మిల్లులో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను."

"డ్యూటీ ఎప్పుడెక్కావు?"

"నిన్న సాయంత్రం ఆరింటికి."

మిల్లుకు ఫోన్ చేశారు. పంచ్ కార్డు నిజమే చెప్పింది. కానీ బోర్డు లెక్క ప్రకారం అతనికి ఉరే.

ఇన్‌స్పెక్టర్ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మాస్టారి నోటుబుక్ తిరగేశాడు. 7.50కి అందరినీ వరండాలోకి పిలిచాడు. మేడ మీద ఒక్కతే ఉండే టైలరమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"మాస్టారు రాసేవి ప్రధాన సంఖ్యలు. ఒకటీ, తనూ తప్ప మరేదీ భాగించలేనివి. మొన్న 10,00,037. నిన్న 10,00,039. ఇవాళ 10,00,041. అంకెలు కూడండి. ఆరు. అంటే మూడుతో తెగుతుంది. నిద్రలో లేపి అడిగినా మాస్టారు ఈ తప్పు చేయడు."

"మరెవరు రాశారు?" అన్నాడు ఓనరు.

"రెండేసి పెరుగుతున్నాయని అనుకున్నవాళ్లు. గీత చూడండి, సన్నగా, నీలంగా ఉంది. ఇది బడి చాక్‌పీస్ కాదు. బట్ట మీద కొలత గీసే సుద్ద." ఆయన మెట్ల వైపు తిరిగాడు. "మీరే కదమ్మా?"

టైలరమ్మ మెట్టు మీద కూలబడింది.

"నిన్న సాయంత్రం ఏడింటికి ఏదో పడ్డ చప్పుడైంది సార్. స్టూలేమో అనుకున్నా. దిగలేదు. పొద్దున చూస్తే బోర్డు మారలేదు. తలుపు కొట్టా, పలకలేదు. ఏడేళ్లుగా రోజూ ఆ బోర్డు చూసే పనిలో కూర్చుంటా. ఆయన ఉన్నాడు, నేనూ ఉన్నాననిపించేది. చెయ్యి ఆగక రెండు కలిపి రాసేశా."

"ఆయనతో ఎప్పుడైనా మాట్లాడారా?"

"లేదు సార్. ఏమని మాట్లాడను?"

మాస్టారు స్టూలు మీంచి జారి పడ్డాడు; ఏడింటికి మేనల్లుడు మిల్లులో ఉన్నాడు. అతను గోడకు తల ఆనించి బావురుమన్నాడు.

"నిజానికి ఇవాళ ఏది రాయాలి సార్?" అడిగింది టైలరమ్మ.

ఇన్‌స్పెక్టర్ నోటుబుక్ చూపించాడు. 10,00,081.

"అంత దూరమా?" అందామె.

ఆయన నోటుబుక్ మూశాడు. ఆ సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి, తాళం తీయబోతూ ఆగాడు. పన్నెండేళ్లలో మొదటిసారి పక్కింటి తలుపు తట్టాడు.